సీక్వెన్స్ ఒక్క అడుగులో చేరలేని బిందువు: ఆరెన్స్ స్పేస్

[తెరపై: బోర్డు మీద ఒకే బిందువు, పేరు ప]

దూరాలు కొలవగల మెట్రిక్ స్పేస్‌లో ఒక బిందువు ఏదైనా సెట్ క్లోజర్‌లో ఉంటే (అంటే ఆ బిందువు ఉన్న ప్రతి ఓపెన్ సెట్‌లోనూ ఆ సెట్ బిందువు ఒకటైనా తగిలితే), ఆ సెట్‌లోంచే దాన్ని చేరే సీక్వెన్స్ దొరికి తీరుతుంది. ఈ గుణమున్నవి ఫ్రెషే–ఉరిసాన్ స్పేస్‌లు. సీక్వెన్షియల్ స్పేస్ అడిగేది ఇంతకన్నా తక్కువ: ఒక సెట్‌లోని సీక్వెన్స్‌ల లిమిట్‌లన్నీ ఆ సెట్‌లోనే ఉంటే అది క్లోజ్డ్ (తన క్లోజర్ అంతా తనలోనే ఉన్న సెట్) కావాలి, అంతే. రెండూ ఒకటేనని పొరబడటం తేలిక. తేడా కళ్ళకు కట్టాలంటే ఆరెన్స్ స్పేస్ కట్టి చూడాలి.

[ప వైపు క1, క2, క3...; ఒక్కోదాని పైన నిలువుగా చుక్కల వరుస]

క1, క2, క3... ప ని చేరతాయి. ఒక్కో వరుసలోని చుక్కలు కిందున్న తమ క ని చేరతాయి. ఏ చుక్కకాచుక్క విడిగా ఓపెన్. క ఉన్న ఓపెన్ సెట్‌లో, పరిమితంగా కొన్ని తప్ప, దాని వరుస చుక్కలన్నీ ఉండాలి. ప ఉన్న ఓపెన్ సెట్‌లో పరిమితంగా కొన్ని తప్ప క లన్నీ ఉండాలి, ఉన్న ప్రతి క కీ పై నియమమే. ఏ వరుసలో ఎన్ని చుక్కలు వదలాలో వరుస వరుసకూ మన ఇష్టం. కిటుకంతా ఈ స్వేచ్ఛలోనే ఉంది.

[చుక్కలన్నీ ఎర్రగా వెలగాలి, ఈ సెట్ పేరు చ]

ప ఉన్న ఏ ఓపెన్ సెట్‌లోనైనా చుక్కలు తగులుతాయి, కాబట్టి ప అనేది చ క్లోజర్‌లో ఉంది. మరి చ లోని ఏదైనా సీక్వెన్స్ ప ని చేరుతుందా? అది ఒకే వరుసలోకి అనంతంగా వస్తూంటే, ఆ వరుసనూ దాని క నూ తీసేయండి. మిగిలిన ఓపెన్ సెట్‌లో సీక్వెన్స్ నిలవదు. లేదంటే ప్రతి వరుసలోనూ దాని చుక్కలు పరిమితమే. వాటిని ఏరేయండి. మిగిలింది ఇప్పటికీ ప చుట్టూ ఓపెన్ సెట్టే, సీక్వెన్స్ పదం ఒక్కటీ అందులో లేదు!

కనుక ఇది ఫ్రెషే–ఉరిసాన్ కాదు. అయినా సీక్వెన్షియలే: చ నుంచి మొదటి అడుగులో క లు, రెండో అడుగులో ప. అందుకే దీని సీక్వెన్షియల్ ఆర్డర్, అంటే కావలసిన అడుగుల లెక్క, 2. మరో స్పేస్‌లో ఈ అడుగులు మొదటి అన్‌కౌంటబుల్ ఆర్డినల్ (1, 2, 3... అని లెక్కించలేనన్ని అడుగుల తొలి మజిలీ) దాకా సాగొచ్చు, అది దాటవు.

[క లన్నీ చెరిగిపోవాలి]

ఇప్పుడు ప, చుక్కలు మాత్రమే మిగిలాయి. చ లోని సీక్వెన్స్‌ల లిమిట్‌లు చ లోనే ఉన్నాయి, కానీ చ క్లోజ్డ్ కాదు. సీక్వెన్షియల్ గుణం సబ్‌స్పేస్‌కి వచ్చేస్తుందనుకుని రాసిన ప్రూఫ్ ఇక్కడే కూలుతుంది. ఓపెన్ లేదా క్లోజ్డ్ సబ్‌స్పేస్ అయితే భయం లేదు.

మెట్రిక్ స్పేస్‌ల కోషెంట్‌లే (బిందువులను అతికించగా వచ్చేవే) సీక్వెన్షియల్ స్పేస్‌లని 1965లో ఫ్రాంక్లిన్ నిరూపించాడు. ఆరెన్స్ స్పేస్ కూడా విడివిడి కన్వర్జెంట్ సీక్వెన్స్‌లను అతికించగా వచ్చిందే.

ఇంకా లోతైన ప్రశ్న గణితవేత్తలు మూర్, మ్రూవ్కాలది. ఒక కాంపాక్ట్ (ఓపెన్ సెట్‌లతో ఎలా కప్పినా వాటిలో పరిమితంగా కొన్నే చాలే) హౌస్‌డార్ఫ్ (ఏ రెండు బిందువులనైనా విడి ఓపెన్ సెట్‌లతో వేరు చేయగల) స్పేస్‌లో, ఏ సెట్ క్లోజర్‌లోని బిందువైనా ఆ సెట్ తాలూకు ఏదో ఒక కౌంటబుల్ భాగం క్లోజర్‌లో ఉంటుందనుకుందాం. అలాంటి స్పేస్ సీక్వెన్షియల్ అయి తీరాలా? ప్రాపర్ ఫోర్సింగ్ యాక్సియమ్ అనే అదనపు సెట్ థియరీ యాక్సియమ్ ఒప్పుకుంటే అవునని 1989లో బలోగ్ చూపాడు. డైమండ్ సూత్రం అనే మరో అదనపు యాక్సియమ్ ఒప్పుకుంటే కాదు, ఎదురు ఉదాహరణ ఉంది. సెట్ థియరీ మామూలు యాక్సియమ్‌లైన జెడ్‌ఎఫ్‌సి ఒక్కదానితో ఇది తేలదు.