చలిబో అనకండి
(ఒడిశాలోని జయపురంలో విశ్వకర్మ పూజ సభలో ఒక కారు మేస్త్రి ప్రసంగం)

పెద్దలకు, గ్యారేజీల అన్నదమ్ములకు, పొద్దున్నే స్పానర్లకు పసుపు కుంకుమ పెట్టి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చిన అక్కచెల్లెళ్లకు, మన ఒడియా మిత్రులకు నమస్కారం. శాలువా కప్పుతామని కమిటీ వాళ్లు అన్నారు. అది వద్దు, ఆ పది నిమిషాలూ నాకు మైకు ఇవ్వండి అన్నాను. ఒక మాట చాలా రోజులుగా గొంతులో ఉంది.

పవర్ సీటు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు ఉండగా సీటు గురించి ప్రసంగం ఏమిటని అడిగారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నవాణ్ణి. లారీ సీటు అంటే మాకు చెక్క, దాని మీద స్పాంజి. బటన్ నొక్కితే ముందుకీ వెనక్కీ జరిగే సీటు అంటే డబ్బున్నవాళ్ల షోకు అనుకున్నాను.

ఇక్కడి ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేవారు. మనిషి చాలా పొట్టి. విశాఖపట్నంలో ఒక పాత పెద్ద కారు కొనుక్కున్నారు. దాన్ని అంతకు ముందు నడిపినాయన పొడుగు మనిషి. సీటు ఆయన కాళ్లకు సరిపోయేట్టు వెనక్కి ఉండిపోయింది. బటన్ నొక్కితే మోటార్ గుర్రుమంటుంది, సీటు మాత్రం కదలదు. "మేస్త్రి గారూ, ఇది చూడండి" అని నా దగ్గరికి తెచ్చారు. అది దసరా ముందు రద్దీ. నేను చూడలేదు. "చలిబో అమ్మా, ఇప్పటికి వీపు వెనక ఒక దిండు పెట్టుకోండి" అన్నాను.

చలిబో. ఒడియాలో ఎంత తేలిక మాట! సరిపోతుంది, నడిచిపోతుంది. మనం తెలుగువాళ్లమైనా గ్యారేజీలో రోజుకు వందసార్లు అంటాం.

మూడు వారాలకు ఆమె విజయనగరం వెళ్తున్నారు. సుంకి దాటాక ఘాట్ దిగుతుంటే వాన. మలుపులో లారీ ఎదురొచ్చింది. బ్రేక్ మీద గట్టిగా కాలు వేస్తే వీపు దిండులోకి కూరుకుపోయింది, పాదం పెడల్ మీద నుంచి సగం జారింది. కారు రాతికట్టకు రాసుకుని ఆగింది. కుడి మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది. నన్ను ఒక్క మాట అనలేదు. కట్టు కట్టిన చేత్తో వచ్చి, "ఇప్పుడు చూస్తారా?" అని అడిగారు. ఆ మాట నాకు ఈ రోజుకీ నిద్రలో వినబడుతుంది.

తమ్ముళ్లూ, సీటు షోకు కాదు. బ్రేకుకు కాలు అందాలంటే సీటు జరగాలి.

ఇక విప్పిన సంగతి చెప్తాను, కుర్రాళ్లు కొంచెం ముందుకు రండి. ఆ సీటు కింద మధ్యలో మోటార్ ఉంది. దానికి అటూ ఇటూ స్పీడోమీటర్ వైరు లాంటి కేబుళ్లు, వాటి చివర్లు చదరంగా ఉంటాయి. సీటు జరిగేది రెండు ఇనప పట్టాల మీద; ఒక్కో కేబుల్ ఒక్కో పట్టా దగ్గరున్న చిన్న గేర్‌బాక్సులోకి వెళ్తుంది. లోపల ఉక్కు వార్మ్, అంటే స్క్రూ లాంటి గేరు, దాన్ని పట్టుకుని రూపాయి బిళ్లంత నైలాన్ గేరు. ఆ నైలాన్ గేరే స్క్రూ మరలున్న రాడ్డును తిప్పుతుంది, సీటు జరుగుతుంది. గ్రీజు ఎండి తారులా గట్టిపడింది, అందులో మన కోరాపుట్ ఎర్రదుమ్ము. ఎడమ పక్క గేరుకు నాలుగు పళ్లు ఆకురాయితో రాసినట్టు నున్నగా పోయాయి. కుడి పక్క లాగుతోంది, ఎడమ పక్క లాగడం లేదు. సీటు వంకరగా బిగుసుకుపోయింది.

షోరూమ్‌కు ఫోన్ చేశాను. గేరు విడిగా రాదు, మోటారూ పట్టాలూ కలిపి మొత్తం సెట్టు మార్చాలన్నారు. నలభై వేల పైచిలుకు! రూపాయి బిళ్లంత గేరుకు! ఇది మన ఒక్కరి బాధ కాదు. విడిభాగాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని, వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్, అంటే బాగుచేయించుకునే హక్కు, పేరుతో ఒక వెబ్‌సైటు తెచ్చింది, అందులో వాహనాలూ ఉన్నాయి. మంచిదే. కానీ ఆ గేరు నా చేతికి రాలేదు.

మొదట లేత్ మేస్త్రి చేత ఇత్తడి గేరు కోయించాను. గట్టిది కదా అనుకున్నాను. మూడు నెలలకు పట్టాలో ఏదో ఇరుక్కుని సీటు ఆగింది. గేరు చెక్కుచెదరలేదు, కేబుల్ మెలితిరిగి తెగింది. నైలాన్ ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. మోటారూ కేబులూ పాడవకముందే అది అరిగిపోవాలని. తర్వాత తుక్కుకు వేసిన కారులోంచి అదే రకం గేర్‌బాక్సు తెప్పించి, పళ్లు లెక్కపెట్టి, నైలాన్ గేరే వేశాను. ఆమె బదిలీ అయ్యే దాకా అది పనిచేసింది.

రాసుకోండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌దో బెల్టుదో, దానికి టెస్ట్ లైటు పెట్టకండి. పాత గ్రీజు పూర్తిగా గీకి, తెల్ల లిథియం గ్రీజు పల్చగా రాయండి, చక్రాల గ్రీజు కూరకండి. గేరు మార్చాక రెండు పక్కలనూ ఒకే చివరకు తెచ్చి, అప్పుడే కేబుల్ కలపండి. లేకపోతే కొత్త గేరు వారంలో పోతుంది. మోటార్ తిరుగుతున్నా గేరు బాగుండి సీటు కదలకపోతే కేబుల్ చివర చూడండి, గుండ్రంగా అరిగి ఉండొచ్చు. సీటు బోల్టులు చేతి అంచనాతో బిగించకండి, టార్క్ రెంచ్ వాడండి. యాక్సిడెంట్‌లో సీటును పట్టి ఉంచేవి ఆ బోల్టులే.

అమ్మలారా, మీకూ ఒక మాట. సీటు చివరిదాకా వెళ్లాక కూడా పిల్లలు బటన్ నొక్కి పట్టుకుంటే ఆ గేరే అరుగుతుంది. పట్టాల్లో వేరుశనగ తొక్కలూ జడపిన్నులూ పడనివ్వకండి.

టైమ్ అయిందని కార్యదర్శి గారు చెయ్యి చూపిస్తున్నారు. రెండు నిమిషాలు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు మనది. మన రాజా విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరు ఉంది. అంత ఇచ్చిన ఊళ్లో మన కుర్రాళ్లకు నెలకో ఆదివారం పని నేర్పలేమా? నేను వస్తాను, జీతం వద్దు.

మీ షెడ్లలో పాడైన సీటు పట్టాలు తుక్కు బండికి అమ్మకండి, నాకు ఇవ్వండి. గేర్లు విడదీసి, పళ్ల లెక్క రాసి, ఒక పెట్టెలో పెడతాను. ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకోవచ్చు, తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా.

డాక్టరమ్మ కారులో అరిగిన ఆ గేరు ఈ డబ్బాలో ఉంది. ముందు వరసలోంచి మొదలుపెట్టి చేతులు మార్చుకుంటూ చూడండి. పోయిన ఆ నాలుగు పళ్ల దగ్గర వేలు పెట్టి తడమండి.