కథ తెలిసినవాళ్ల కోపం

(అనంతపురంలో సాహిత్యాభిమానులు, కళాశాల విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు నమస్కారం. విద్యార్థులకు ఆశీస్సులు.

ఒక పెద్ద కథ చేతులు మారినప్పుడు, దాన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్లకు కోపం వస్తుంది. ఆ కోపానికి విలువ ఎంత అన్నదే ఈ సాయంత్రం నా విషయం. ఇందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ ఒక విదేశీ టెలివిజన్ ధారావాహిక. సాహిత్య సభలో దానికేం పని అని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. కానీ మన ఊరి కుర్రవాళ్లు ఈ మధ్య నిద్ర మానుకుని వాదించుకున్న సాహిత్య ప్రశ్న ఏదైనా ఉంటే అది దీని చుట్టూనే నడిచింది. మూలకథను ఎంతవరకు మార్చవచ్చు? మార్చే అధికారం ఎవరిది? మన ఆలంకారికులు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న కూడా ఇదే.

2022 సెప్టెంబర్ 2న అమెజాన్ ప్రైమ్‌లో ‘రింగ్స్ ఆఫ్ పవర్’ మొదలైంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవల రాసిన ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ సృష్టించిన లోకం దానికి ఆధారం. మొదటి సీజన్‌లో ఎనిమిది భాగాలు. వాటి నిర్మాణానికి దాదాపు 46 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చయినట్టు చిత్రీకరణ జరిగిన న్యూజీలాండ్ నుంచి లెక్క బయటికొచ్చింది. మన డబ్బులో మూడున్నర వేల కోట్ల రూపాయలు దాటుతుంది. అంతకుముందు 2017లో హక్కులకే 25 కోట్ల డాలర్ల దాకా చెల్లించారని వార్తలు వచ్చాయి. మొదటి రోజే రెండున్నర కోట్ల మంది చూశారని ఆ సంస్థ ప్రకటించుకుంది. హిందీ, తమిళం, కన్నడం, మలయాళంతో పాటు తెలుగులోనూ వచ్చింది కాబట్టి ఇది ఎక్కడో లండన్‌లో జరిగిన గొడవగా మిగిలిపోలేదు. సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ కూడా దీని మీద తగవులాడుకున్నారు.

వచ్చీ రాగానే ప్రేక్షకులు రెండుగా చీలిపోయారు. చూడకుండానే అట్టడుగు మార్కులు వేసేవాళ్లు విరుచుకుపడుతున్న సమయంలో, అమెజాన్ తన వేదిక మీద ప్రేక్షకుల సమీక్షలను 72 గంటల పాటు ఆపి ఉంచింది. ఆ తర్వాత చాలామంది విశ్లేషకులు వచ్చిన విమర్శ అంతటినీ ఒకే గాటన కట్టేశారు. తిట్టినవాళ్లందరూ ద్వేషులే అన్నది ఒక పక్షం. మెచ్చుకున్నవాళ్లందరూ అమ్ముడుపోయినవాళ్లే అన్నది రెండో పక్షం. రెండూ అన్యాయమే. ఆ కోపాలను విడదీసి చూడాలి.

అందులో ఒకటి అసలు కోపమే కాదు, వట్టి ద్వేషం. చావులేని ఎల్ఫ్ జాతి వీరుడు అరాండిర్‌గా ఇస్మాయెల్ క్రూజ్ కోర్డోవా, కొండల కింద గనుల్లో బతికే డ్వార్ఫ్‌ల రాకుమారి డీసాగా సోఫియా నామ్‌వెటె నటించారు. వాళ్ల చర్మం రంగు చూసి ‘కథను చెడగొట్టారు’ అన్నారు. అలా అన్నవాళ్లలో ఎందరు టోల్కీన్‌ను చదివారో నాకు అనుమానమే. హాబిట్లు అనే పొట్టి మనుషుల్లో హార్‌ఫుట్ తెగవాళ్లు మిగతావాళ్ల కంటే చామనఛాయగా ఉంటారని ఆయనే తన పుస్తకం తొలి పుటల్లో రాశాడు. ఆ నవల ఆధారంగా వచ్చిన పాత సినిమాల్లో హాబిట్లుగా నటించిన ఎలిజా వుడ్ తదితరులు రకరకాల రంగుల చెవుల బొమ్మలున్న దుస్తులు వేసుకుని కొత్త నటులకు అండగా నిలిచారు. వాళ్లు చేసింది సరైన పని. ఈ రోగం మనకూ కొత్తది కాదు. 1988లో దూరదర్శన్‌లో మహాభారతం మొదలైనప్పుడు, దానికి సంభాషణలు రాసిన రాహీ మాసూమ్ రజా ముస్లిం కదా అని అభ్యంతరం చెప్పినవాళ్లు ఉన్నారు. కాలమే కథకుడై మాట్లాడే ఆ మహాభారతాన్ని దేశమంతా పనులు మానుకుని చూసింది. ఈ రకం అభ్యంతరం మీద ఇంతకంటే సమయం ఖర్చు చేయను.

అసలు చర్చించవలసింది కథ తెలిసినవాళ్ల అభ్యంతరం. దాన్ని గౌరవంగా వినాలని నా మనవి.

ధారావాహిక కథ జరిగేది టోల్కీన్ లోకంలోని రెండో యుగంలో. ఆ యుగం 3,441 సంవత్సరాలు నడుస్తుంది. ఆయన ఇచ్చిన కాలక్రమం ప్రకారం మహిమ గల శక్తి ఉంగరాల తయారీ 1500 ప్రాంతంలో మొదలవుతుంది. దుష్టుడైన సౌరాన్ మిగతా ఉంగరాలన్నిటినీ శాసించే ఉంగరాన్ని 1600లో పోతపోస్తాడు. మనుషులు ఏలే నూమెనార్ ద్వీపం సముద్రంలో మునిగేది 3319లో. నడుమ పదిహేడు వందల ఏళ్లకు పైగా దూరం. ధారావాహిక ఈ దూరాన్ని చెరిపేసింది. ఉంగరాలు చేసిన ఎల్ఫ్ శిల్పి కెలెబ్రింబోర్, అతను చనిపోయిన పదిహేను వందల ఏళ్లకు పుట్టవలసిన నూమెనార్ వీరుడు ఇసిల్దూర్, ఒకే కాలంలో తిరుగుతుంటారు. ఉన్నది ఉన్నట్టు తీస్తే ప్రతి సీజన్‌లోనూ మనుషుల పాత్రలన్నీ చనిపోయి కొత్తవాళ్లు రావలసి ఉంటుందని నిర్మాతలు చెప్పారు. కొట్టిపారేయదగ్గ కారణం కాదు.

అయినా అక్కడ పోయింది తేదీలు మాత్రమే కాదు. నూమెనార్ మనుషులకు మామూలు మనుషుల కంటే చాలా పొడుగు ఆయుష్షు దొరికింది. కానీ ఎల్ఫ్‌లకు చావే లేదు. ‘వాళ్లకు లేని చావు మాకెందుకు’ అన్న బాధ మొదట ఎవరి గుండెలోనో చిన్నగా పుట్టి, తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి పాకి, చివరికి ఒక జాతిని దైవం మీదికే నౌకాదళంతో దండెత్తేలా చేస్తుంది. తరాలు గడిస్తే తప్ప ముదరని భయం అది. నాలుగేళ్లలోనో ఐదేళ్లలోనో దాన్ని చూపించడం ఎవరి తరం? ధారావాహికలో ఏమైంది? మొదటి సీజన్ నాలుగో భాగంలో నూమెనార్ పనివాడొకడు నిలబడి, అలసట ఎరగని ఎల్ఫ్‌లు వచ్చి మన పనులు లాక్కుంటారని జనాన్ని రెచ్చగొడతాడు. మృత్యువును చూసి పుట్టిన అసూయ అక్కడ కూలిపని దగ్గరి అసూయగా చిన్నబోయింది. ఆ దృశ్యాన్ని చూసి పుస్తకాభిమానులు నొచ్చుకున్నారంటే వాళ్లను ఛాందసులు అనడం నాకు సమ్మతం కాదు. కథకు వెన్నెముక ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

అయితే మూలంలో లేనిదల్లా తప్పేనా? ఇక్కడే మన సంప్రదాయం సాయానికి వస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ విషయం తేల్చి చెప్పాడు. పాత కథలో రసానికి అడ్డుపడేది ఉంటే కవి వదిలెయ్యవచ్చు, రసానికి తగిన కొత్త ఘట్టాన్ని కల్పించుకోనూవచ్చు. కాళిదాసు చేసింది అదే. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను గుర్తుండే కాదంటాడు. దుర్వాసుడి శాపం లేదు, ఉంగరం లేదు. ఆ ఉంగరం కాళిదాసు కల్పన. ఇవాళ ఉంగరం లేని శకుంతలను మనం ఊహించగలమా?

అంత దూరం పోనక్కర్లేదు. మన పొరుగున కడప జిల్లాలో, బద్వేలు దగ్గరి గోపవరం మొల్లది. ఆమె రామాయణంలో గుహుడు రాముణ్ణి పడవ ఎక్కించుకునే ముందు భయపడతాడు. ఈయన పాదధూళి సోకి రాయి ఆడదైందట, నా ఓడ ఏమవుతుందో అని కాళ్లు కడిగి మరీ ఎక్కించుకుంటాడు. వాల్మీకంలో ఇది లేదు. అధ్యాత్మ రామాయణంలోనూ కనిపించే ఊహను మొల్ల గుహుడి నోట పెట్టి మన ఇళ్లలోకి తెచ్చింది. ఇన్ని వందల ఏళ్లలో ఎవరైనా ఆమెను మూలం చెడగొట్టిందని తిట్టారా? అహల్య కథలో ఉన్న మహిమ నిజమైతే, నదీతీరాన పడవ నడుపుకునే మనిషి మనసులో ఈ భయం పుట్టి తీరాలి. కథ లోపలి సత్యంలోంచి మొలిచిన కల్పన అది. భక్తీ అందులోనే ఉంది, చిరునవ్వూ అందులోనే ఉంది.

ఈ కొలతతో చూస్తే ఆ ధారావాహికలోనూ మెచ్చుకోవలసినవి ఉన్నాయి. ఎల్ఫ్ అయిన ఎల్‌రాండ్ తన డ్వార్ఫ్ మిత్రుడు డ్యూరిన్‌ను ఇరవై ఏళ్ల తర్వాత చూడవస్తాడు. చావులేనివాడికి ఇరవై ఏళ్లంటే రెప్పపాటు. కానీ డ్యూరిన్ ఈలోగా పెళ్లాడి ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. ఆ పెళ్లికీ రాలేదు, పిల్లలు పుట్టినప్పుడూ రాలేదు అన్నది అతని గుండెకోత. టోల్కీన్ ఈ సన్నివేశం రాయలేదు. అయినా ఆయన జీవితమంతా ఆలోచించిన విషయం ఇందులో నిండుగా ఉంది. నూమెనార్ సభలో పోయిన రసం ఇక్కడ ఒక ఇంటి గుమ్మంలో దొరికింది. నన్నడిగితే మొదటి సీజన్ మొత్తానికీ ఇదే పెద్ద సంపద.

దీనికి ఎదురుగా మిత్రిల్ అనే లోహం కథ ఉంది. ఎల్ఫ్‌ల తేజస్సు క్షీణిస్తోందని, ఆ లోహం దొరక్కపోతే వాళ్లు నశిస్తారని కొత్తగా కల్పించారు. పుస్తకంలో ఎల్ఫ్‌లు ఉంగరాలు చేసుకున్నది తాము ప్రేమించిన లోకం వాడిపోకుండా నిలబెట్టుకోవాలన్న ఆశతో. ఆ ఆశే వాళ్ల బలహీనత, సౌరాన్ వేలు పెట్టింది అక్కడే. దాన్ని మందు దొరక్క చచ్చిపోయే రోగంగా మారిస్తే నైతికమైన చిక్కు మాయమైపోతుంది. రోగి మందు వేసుకోవడంలో తప్పేముంది? పైగా పుస్తకంలో కెలెబ్రింబోర్ సౌరాన్ సహాయంతో ముందు మిగతా ఉంగరాలు చేస్తాడు, చివరగా ఎల్ఫ్‌ల మూడు ఉంగరాలను ఒంటరిగా చేస్తాడు. ధారావాహికలో ఆ మూడే ముందు తయారయ్యాయి. మోసపోయినవాడు చివరికి ఒక్క పని శుభ్రంగా చేసుకున్నాడన్న విషాదపు అందం దాంతో చెదిరిపోయింది.

మన జిల్లా నుంచి ఇంకొక సాక్ష్యం చెప్పుకోవాలి. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి 1957లో మాయాబజార్ తీశారు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన కథ అది. అభిమన్యుడి పెళ్లి కథలో పాండవులను ఒక్కసారి కూడా తెర మీద చూపించకుండా సినిమా నడిపించారు. భారతం కంఠతా వచ్చిన ప్రేక్షకులున్న రోజుల్లో ఎంత సాహసం! కానీ అందులోని వింతలన్నీ అందరికీ తెలిసిన కృష్ణుడి మాయ పరిధిలోనే తిరుగుతాయి. అందుకే కథ తెలిసినవాడికే ఆ సినిమా ఎక్కువ ఆనందం ఇస్తుంది. ప్రేక్షకుడి జ్ఞానాన్ని అడ్డంకిగా కాక పెట్టుబడిగా వాడుకోవడమంటే ఇదే. నిమ్మలకుంట తోలుబొమ్మలాటవాళ్లకూ ఈ రహస్యం తెలుసు. ఏ రామాయణంలోనూ లేని బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించి వెళ్తారు, రాముడి మర్యాదకు భంగం రాదు.

ప్రేక్షకుల స్పందన అంటే మార్కులు, తిట్లు అని మాత్రమే అనుకునే యువకులకు ఒక సంగతి గుర్తు చేస్తాను. 1988లో దూరదర్శన్ రామాయణం పట్టాభిషేకంతో ముగియబోతుంటే, ఉత్తరకాండ కూడా చూపించాలని జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. సమ్మె ఇతర పట్టణాలకూ పాకింది. చివరికి ఉత్తర రామాయణం తెరకెక్కింది. వాళ్లు వాల్మీకిని తమ పూర్వుడిగా, గురువుగా కొలిచే సమాజం. సీతను, లవకుశులను వాల్మీకి చేరదీసిన భాగమే లేకుండా రామాయణం ముగిస్తే తమ చోటు చెరిగిపోయినట్టే కదా. కథ మీద ప్రేక్షకుడికి ఉండే హక్కుకు ఇంతకన్నా గొప్ప ఉదాహరణ నాకు తెలియదు. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే మరో విదేశీ ధారావాహిక చివరి సీజన్‌ను మళ్లీ తీయమని పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి, ఏమీ జరగలేదు. ఆ సంతకాల వెనుక నిరాశ ఉంది. జలంధర్‌లో బతుకే ఉంది.

మౌనంగా వెళ్లిపోయినవాళ్ల సంగతి కూడా చూడాలి. మొదటి సీజన్ మొదలుపెట్టినవాళ్లలో అమెరికాలో 37 శాతం, బయటి దేశాల్లో 45 శాతం మాత్రమే చివరిదాకా చూశారని 2023లో హాలీవుడ్ రిపోర్టర్ పత్రిక రాసింది. వీళ్లలో చాలామందికి కాలక్రమం గొడవ పట్టి ఉండదు. కథ తెలియనివాళ్లకు తేలిగ్గా ఉండాలనే కదా అంత కాలాన్ని కుదించింది? ఆ తేలిక వాళ్లను నిలబెట్టలేకపోయింది. వెన్నెముక తీసేస్తే లోటు తెలిసినవాడికి కారణం కూడా తెలుస్తుంది. తెలియనివాడికి ఆసక్తి పోతుంది, ఎందుకు పోయిందో చెప్పలేడు. అందుకే కోప్పడినవాడి మాట వినమంటున్నాను. మౌనంగా వెళ్లిపోయినవాడి తరఫున కూడా అతనే మాట్లాడుతున్నాడు.

2024 ఆగస్టు 29న రెండో సీజన్ మొదలైంది. అందులో సౌరాన్ కెలెబ్రింబోర్‌ను ఒక మాయలో బంధిస్తాడు. బయట నగరం ముట్టడిలో తగలబడుతుంటే, అతని కిటికీలోంచి ప్రశాంతమైన పగలే కనిపిస్తుంటుంది. కాలుతున్న కొవ్వొత్తి తరగకపోవడం, ఒక ఎలుక అదే దారిలో మళ్లీ మళ్లీ పరుగెత్తడం చూసి అతనికి మోసం తెలుస్తుంది. టోల్కీన్ ఇందులో ఒక్క ముక్క కూడా రాయలేదు. కానీ సౌరాన్ ఎలాంటివాడో, తన పనితనం మీద మోహం ఉన్న శిల్పి ఎలా పడిపోతాడో ఇంత బాగా చూపించిన ఘట్టం మరొకటి లేదు. మొదటి సీజన్‌ను దుమ్మెత్తిపోసిన పుస్తకాభిమానులలో చాలామంది ఈ ఘట్టాన్ని మనసారా మెచ్చుకున్నారు. వాళ్లు మార్పుకు శత్రువులైతే దీన్నీ తిట్టి ఉండాలి.

ఆ రెండో సీజన్ ముగిసేసరికి నూమెనార్ సింహాసనం, పుస్తకంలో దైవం మీదికి దండెత్తే ఫరజోన్ చేతికి వచ్చింది. ద్వీపం మునగడం ఇంకా మిగిలే ఉంది. ఆ రోజు కెరటాలు ఎంత ఎత్తున లేస్తాయో డబ్బు చూసుకుంటుంది. నేను చూడబోయేది ఫరజోన్ ముఖంలో చావు భయం ఎంత పాతదిగా కనిపిస్తుందన్నది. మీలో పుస్తకం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ భయాన్ని ఇప్పటికైనా ఎలా చూపించవచ్చో ముందుకు వచ్చి చెప్పండి. మిగిలిన సమయం మీదే.