టికెట్ వెనకాల రాసిన చిల్లర: ఒక కార్డు బొమ్మ ఎలా వేశానంటే

అందరికీ నమస్కారమండి. గ్రీటింగ్ కార్డుకి బొమ్మ ఎలా వెయ్యాలో మొదట్నుంచి చివరిదాకా చెప్పమన్నారు. ఊరికే జనరల్‌గా చెప్తే ఇంటికెళ్లేసరికి ఒక్క ముక్క గుర్తుండదు, అందుకని ఒకే ఒక్క కార్డు తీసుకుని చెప్తా. ఒకమ్మాయి వాళ్లమ్మగారి రిటైర్మెంట్‌కి నాతో వేయించుకున్న కార్డు. ఆవిడ ఆర్టీసీలో కండక్టర్, 28 ఏళ్ల సర్వీసు, ఎక్కువ కాలం అమలాపురం, రాజోలు మధ్యే తిరిగారు.

ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏమందంటే, "ఒక బస్సు వేసి, ముందు అమ్మ నిలబడినట్టు వేసి, పైన హ్యాపీ రిటైర్మెంట్ అని రాసివ్వండి సార్" అంది. వెయ్యొచ్చు, పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికి అయిపోద్ది. కానీ ఆ కార్డు రిటైరైన ఏ కండక్టర్‌కిచ్చినా సరిపోద్ది కదా, మరి డబ్బులిచ్చి ప్రత్యేకంగా వేయించుకోవడం దేనికి? అందుకే పెన్సిల్ ముట్టుకునే ముందు నేను ఓ అరగంట ప్రశ్నలే అడుగుతాను. "మీ అమ్మ మంచిదా, కష్టపడిందా" లాంటివి కాదు, వాటికి అందరూ ఒకటే చెప్తారు. డ్యూటీ నుంచి రాగానే బ్యాగు ఎక్కడ పెడతారు, చేతులు ఎలా ఉంటాయి, మీ ఇంట్లో మాత్రమే అనుకునే మాట ఏదైనా ఉందా, ఇవి అడగాలి.

ఆ అమ్మాయి చెప్పింది. రాగానే మంచం మీద బ్యాగు బోర్లించి రూపాయి బిళ్లలు దొంతర్లు పెట్టేవారంట, ఆ బిళ్లలకి బొటనవేలూ చూపుడువేలూ నల్లగా అయ్యేవంట, సబ్బుతో రుద్దినా మర్నాటికి మళ్లీ అంతే. నోట్లు పొడుగ్గా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకునేవారు, అది మనందరం చూసిందే. అవన్నీ చెప్పి చివర్లో, ఏదో చిన్న విషయంలాగా ఒకటంది. బస్సులో చిల్లర లేకపోతే టికెట్ వెనకాల రాసిస్తారు కదా, ఆదివారం పిల్లని ఎక్కడికైనా తీసుకెళ్తానని చెప్పి డ్యూటీ పడిపోతే, ఆవిడ ఎవరో పారేసిన టికెట్ ముక్క వెనకాల "ఆదివారం 1" అని రాసి పిల్ల చేతికిచ్చేవారంట. బాకీ అన్నమాట. నాకు కార్డు అక్కడే దొరికేసింది. కార్డు మూసి ఉంటే టికెట్ ముందు వైపు, తెరిస్తే టికెట్ వెనకాల.

ఐడియా దొరికాక సైజు దానంతట అదే తేలిపోయింది, టికెట్ అంటే పొడుగ్గా ఉండాలి కాబట్టి 99 x 210 మిల్లీమీటర్లు తీసుకున్నా. ఏ4 కాగితాన్ని అడ్డంగా మూడు ముక్కలు చేస్తే ఒక ముక్క అంత. డీఎల్ అని షాపుల్లో దొరికే పొడుగు కవరు 110 x 220 ఉంటది, అందులో హాయిగా పడుద్ది. దయచేసి కవరు ముందు చూసుకోండి, బొమ్మంతా వేసేశాక కవరు దొరక్క తిరిగినవాళ్లని చాలామందిని చూశా.

తర్వాత చిన్నచిన్న బొమ్మలు, అగ్గిపెట్టె సైజులో, ఓ పదీ పన్నెండు. ఒక్కోదానికి రెండు నిమిషాలు మించొద్దు. మొహం పెద్దగా పెట్టి చూశా, బస్సు మెట్ల మీద నిలబెట్టి చూశా, ఏదీ కుదర్లేదు. చివరికి మొహం తీసేశా. చీర మీద ఖాకీ చొక్కా, తోలు బ్యాగు పట్టీ, ముందుకి చాచిన రెండు చేతులు, కిటికీలోంచి కాలవగట్టు, కొబ్బరిచెట్లు, అంతే. కార్డు అందుకునేది ఆవిడే కదా, తన మొహం తనకి చూపించడం కంటే రోజంతా తనకి కనపడిన తన చేతులు చూపిస్తే బాగుంటదనిపించింది.

రఫ్ వేసి ఫొటో పంపితే ఆ అమ్మాయి వెంటనే "నోట్లు ఎడం చేతిలో ఉండాలి సార్, కుడి చేత్తో టికెట్ ఇస్తది" అంది. నేను రివర్స్‌లో వేశా. పెన్సిల్ స్టేజిలో కాబట్టి ఇరవై నిమిషాల్లో సరిచేశా, రంగులేశాక అయితే రెండ్రోజుల పని పోయేది. రఫ్ చూపించకుండా ఎప్పుడూ ముందుకెళ్లకండి. చూపించేటప్పుడు "బాగుందా" అని అడక్కండి, బాగుందనే అంటారు, "ఇందులో తప్పేముంది" అని అడగండి.

అసలు బొమ్మ ఒకటిన్నర రెట్లు పెద్దగా వేస్తా, అంటే 148 x 315 దాకా. ప్రింటులో చిన్నదయ్యేసరికి గీత శుభ్రంగా కనపడుద్ది. కానీ 0.3 మి.మీ. గీత చిన్నదయ్యాక 0.2 అయిపోద్దని గుర్తుంచుకోవాలి, మరీ సన్న పెన్నుతో వేసిన జరీ అంచు ప్రింటులో మాయమైపోద్ది. కట్ చేసేటప్పుడు అంచులో తెల్లగీత రాకుండా కార్డుకి చుట్టూ 3 మి.మీ. రంగు ఎక్స్‌ట్రా ఉండాలి, పెద్ద బొమ్మలో అయితే నాలుగున్నర.

వాటర్‌కలర్‌కి 300 జీఎస్ఎమ్ పేపర్ వాడా, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగే మందం పేపరు. అంత మందం మీద కిటికీ అద్దానికి ఆనించి ట్రేస్ చేద్దామంటే ఏమీ కనపడదు, అందుకని రఫ్ కాగితం వెనకాల మెత్తగా నల్లగా రాసే 4బీ పెన్సిల్ రుద్ది, పైనుంచి గీతల మీద గట్టిగా దిద్దితే కింద అచ్చు పడుద్ది. కార్బన్ పేపర్ మాత్రం వద్దు, ఆ గీత చెరగదు. మంచి పేపర్ లేదని ఆగిపోయే పిల్లలుంటారు, వాళ్లకొకటి చెప్పాలి. పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యునిసెఫ్ ఉంది కదా, దాని మొట్టమొదటి కార్డు 1949లో వచ్చింది, ఆ బొమ్మ వేసింది చెకొస్లొవేకియాలో జిట్కా సామ్‌కోవా అనే ఏడేళ్ల పాప. యుద్ధం తర్వాత వాళ్ల ఊళ్లో కాగితం దొరక్క గాజు పలక మీద వేసింది.

రంగుల్లో లేతవి ముందు, ముదురువి తర్వాత, తెలుపు కావాల్సిన చోట పేపర్నే వదిలెయ్యాలి. ఖాకీ కోసం ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపులో చిటికెడు అల్ట్రామెరైన్ నీలం కలిపా. ఎక్కువ టైమ్ పట్టింది ఆ రెండు వేళ్ల కొసలకి. నల్లరంగు పెడితే మసి అంటినట్టుంది, బిళ్లల మరక అలా ఉండదు, చర్మం గీతల్లోకి దిగిపోయి బూడిదరంగులో మెరుస్తా ఉంటది. చివరికి బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగులో అల్ట్రామెరైన్ కలిపి పల్చగా ఒక పూత వేసి, ఆరాక పొడి బ్రష్‌తో వేలిముద్ర గీతల్లాగా నాలుగు లాగితే అప్పుడు కుదిరింది. నాలుగు అంగుళాల బొమ్మలో అది ఆవగింజంత, కానీ ఆవిడ చూసేది దాన్నే.

స్కానింగ్ సంగతి పెద్దగా లేదు, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన చేసి, ప్రింటు సైజులో 300కి తగ్గకుండా చూసుకుంటే చాలు.

అక్షరాల దగ్గర మాత్రం ఆగాలి. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు, ఇంగ్లీషుకి వదిలినంత ఖాళీ వదిలితే పై లైను వత్తు వచ్చి కింది లైను గుడి మీద కూర్చుంటది. ఇంకో పాత కార్డుకి నేను టైప్ చేసిన ఫైల్ అలాగే ఒక షాపుకి పంపిస్తే, వాళ్ల కంప్యూటర్లో తెరిచేసరికి "శుభాకాంక్షలు"లో షా వత్తు ఊడిపోయి పక్కన పడింది, నేను ప్రూఫ్ చూడలేదు, అలాగే యాభై కార్డులు అచ్చయిపోయినయ్. టైప్ చేసినా సరే, అక్షరాల్ని అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతల్లాగా మార్చేసి పీడీఎఫ్ పంపండి. వీలైతే చేత్తోనే రాయండి. బాపుగారి చేతిరాత ఫాంటై ఇన్నేళ్లయినా పెళ్లికార్డుల మీద కనపడతానే ఉందంటే అందులో చెయ్యి కనపడుద్ది కాబట్టే. ఈ కార్డులో లోపలి మాట ఆ అమ్మాయి చేతే రాయించా, నీలం బాల్‌పెన్నుతో, టికెట్ మీద రాసినట్టు వంకరగా: "బాకీ: 28 ఏళ్ల ఆదివారాలు".

ఇంక మడత. ప్రతి అట్టకీ నార, అంటే లోపలి పోగులు, ఒక దిశలో ఉంటది, పొడుగునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూస్తే ఏ మడత గీత వెంట సులువుగా వంగితే నార ఆ గీత వెంటే ఉన్నట్టు. నారకి అడ్డంగా మడిస్తే మడత మీద రంగు పగిలి తెల్లగా పెళ్లలు లేస్తది. మడిచే ముందు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక గాడి లాగండి, తర్వాత మడవండి, మిషన్ మీద చేసినట్టొస్తది.

షాపులో లామినేషన్ చెయ్యమంటారా, మెరుస్తది అన్నారు. వద్దన్నా, టికెట్ మెరవదు కదా అని అంతే, వేరే ఆలోచనేం లేదు. వారం తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లమ్మ కార్డు తెరిచి చాలాసేపు ఏం మాట్లాడలేదంట, తర్వాత లోపలికెళ్లి పెన్ను తెచ్చుకుని, చిల్లర ఇచ్చేశాక కండక్టర్లు కొట్టేస్తారు చూడండి, అలాగ ఆ బాకీ మీద అడ్డంగా ఒక గీత కొట్టి కార్డు కూతురి చేతికిచ్చేశారంట.

లామినేషన్ చేసుంటే ఆ పెన్ను రాసేది కాదు. అందుకే లోపలి పేజీ ఎప్పుడూ పెన్ను పట్టే పేపరే పెట్టండి. సరే, అట్టలూ స్కేళ్లూ ఆ టేబుల్ మీద పెట్టా, ఇంకు అయిపోయిన పెన్నులు కూడా ఓ ఇరవై తెచ్చా, రండి, ముందు నార చూడ్డంతో మొదలెడదాం.