రాత్రి మూడింటికి ఆగిపోయే పెట్టె: శ్రోతల ఫోన్-ఇన్

యాంకర్: నమస్తే, ఎక్కడి నుంచండీ?

కాలర్: ఆయ్, ఆకివీడు దగ్గర నుంచండి. మాది రొయ్యల చెరువు. నీళ్లలో ఆక్సిజన్ చూడ్డానికి గట్టు మీద రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటర్ బోర్డు పెట్టానండి. సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ. పగలంతా బాగానే ఉంటుంది, రాత్రి మూడయ్యేసరికి ఆగిపోతోంది.

నిపుణుడు: ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునేగా! సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తోందన్నమాట.

కాలర్: అదేనండి టెన్షన్. మొన్న నాన్నగారు టార్చి వేసి చూస్తే రొయ్యలు పైకి తేలుతున్నాయి. పరిగెత్తి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేశారు. "నీ పెట్టె కంటే నా కళ్లే నయం" అన్నారు.

నిపుణుడు: (నవ్వుతూ) కరెంటు ఆదాకి ఏం చేశారు?

కాలర్: డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ వేశాను. బ్లూటూత్, హెచ్‌డీఎంఐ ఆపాను. ల్యాప్‌టాప్‌లాగా నిద్రపుచ్చుదామని సస్పెండ్ కొడితే కుదర్లేదు.

నిపుణుడు: కుదరదు బాబూ. నిద్రంటే మెమరీకి మాత్రం కాస్త కరెంటు ఉంచి మిగతావన్నీ ఆపేయడం. బోర్డుని నడిపే లినక్స్ ఒక్కటే ఒప్పుకుంటే చాలదు, కింద చిప్పూ, దాన్లో ఉండే ఫర్మ్‌వేర్ ప్రోగ్రామూ కలిసిరావాలి. మీ రాస్ప్‌బెర్రీ పైలో ఆ ఏర్పాటు లేదు. బ్లూటూత్ ఆపితే మిగిలేది చిల్లర. లెక్క చూడండి: మీ బ్యాటరీ 12 ఇంటూ 7, అంటే 84 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ అయ్యుంటుంది కాబట్టి సగమే వాడాలి, 42. నెట్ డాంగిల్ ఉందా?

కాలర్: ఉందండి.

నిపుణుడు: ఊరికే ఉన్నా బోర్డుకి మూడు వాట్లు, డాంగిల్, కన్వర్టర్ నష్టం కలిపితే నాలుగున్నర అనుకుందాం. తొమ్మిది గంటలు. సాయంత్రం ఆరుకి ఎండ పోతే మూడింటికి సరి.

కాలర్: అచ్చం అంతేనండి!

నిపుణుడు: కాబట్టి పూర్తిగా ఆపి, పావుగంటకోసారి లేపాలి.

కాలర్: షట్‌డౌన్ చేశాక లేపేదెవరండి?

నిపుణుడు: అదే చిక్కు. పై 4లో, ఆపేసినా నడిచే సొంత గడియారం లేదు. కొత్త మోడల్ పై 5లో ఉంది. వేక్ అలారం పెట్టి ఆపితే అదే లేస్తుంది. ఒక్క మెలిక, మామూలుగా షట్‌డౌన్ చేసినా ఆ బోర్డు ఒక వాటుకు పైగా తాగుతూనే ఉంటుంది. బోర్డు సెట్టింగులు దాచే ఈప్రామ్ చిప్పులో 'పవర్ ఆఫ్ ఆన్ హాల్ట్' 1 పెడితేనే మిల్లీఆంపులకు దిగుతుంది.

కాలర్: మళ్లీ కొత్త బోర్డంటే నాన్నగారు...

నిపుణుడు: వద్దులెండి. నన్నడిగితే గట్టు మీద పై పెట్టడమే దండగ. అక్కడ ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ చిప్పు చాలు, డీప్ స్లీప్ అనే గాఢనిద్రలో దానికి మైక్రోఆంపులే. పైని ఇంట్లో ప్లగ్గుకి పెట్టుకోండి. వైఫై అందకపోతే మధ్యలో లోరా, అంటే తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో. ఇంతకీ నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీ ప్రోబ్ ఏ రకం?

కాలర్: గాల్వానిక్ అని రాసుందండి.

నిపుణుడు: బతికించారు. దానికి బయటి కరెంటు అక్కర్లేదు. అదే పోలరోగ్రాఫిక్ రకం అయితే కరెంటు తీసిన ప్రతిసారీ కుదురుకోవడానికి నిమిషాలు పడుతుంది, రీడింగ్ నమ్మలేం.

కాలర్: మరి ఈ రాత్రికేం చేయమంటారండి?

నిపుణుడు: ఈ రాత్రికా? నాన్నగారి టార్చికి ఛార్జింగ్ పెట్టండి.