ఎద్దుల మందు మీకెందుకు తమ్ముడూ?

తిట్టుకుంటే తిట్టుకోండి, సూటిగా చెబుతున్నాను. జిమ్ములలో కండల కోసం వాడుతూ ‘ట్రెన్’ అని ముద్దుగా పిలుచుకునే ట్రెన్‌బోలోన్ అసలు మనుషుల మందే కాదు! అమెరికాలో మాంసం కోసం పెంచే పశువులకు బరువు పెరగాలని చెవి చర్మం కింద పెట్టే స్టెరాయిడ్, అంటే మగ హార్మోనులా పనిచేసే మందు అది. మనిషికి వాడటానికి అక్కడా అనుమతి లేదు. తిరుపతి దగ్గర మన రంగంపేటలో పశువుల పండుగనాడు ఎద్దు వెంట పరుగెత్తిన కుర్రవాడు మర్నాడు జిమ్ముకు వెళ్లి ఈ సూది పొడిపించుకుంటే ఏమనాలి? ఆ ఎద్దు మాత్రం హాయిగా ఉలవలు తింటోంది.

పోయిన వీడియో కింద ‘డోపింగ్ (గెలవడానికి నిషేధించిన మందులు వాడటం) ఆటగాళ్ల గొడవ, మనకెందుకు’ అని రాశారు కదా, వినండి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా పరుగువీరుడు బెన్ జాన్సన్ స్టెరాయిడ్‌తో దొరికాడు, బంగారు పతకం పోయింది. ఎందుకు దొరికాడు? పరీక్ష చేశారు కాబట్టి. మన దేశంలో 2022లో డోపింగ్ నిరోధక చట్టం వచ్చింది, అదీ క్రీడల కోసమే. పతకం లేనివాడి మూత్రం ఎవరికి కావాలి? తిరుపతి బైరాగిపట్టెడలో కండలు పెంచే కుర్రవాడిని పరీక్షించేది ఆసుపత్రి ఒక్కటే, అదీ మంచాన పడ్డాక!

సూదితో బయటి నుంచి మగ హార్మోను వచ్చిపడుతుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలను పట్టించుకోవడం మానేస్తుంది. అవి కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి, కొందరికి రొమ్ములు పెరుగుతాయి. మగతనం చూపించాలని మొదలుపెట్టినవాడికి దక్కేది ఇదన్నమాట! మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె గోడ మందమవుతుంది. ఆ గుండెతో అలిపిరి మెట్లెక్కుతారా?

సూది అమ్మేవాణ్ణి అందరూ తిడతారు. నా లెక్కలో అసలు దోషి థియేటర్ ముందు నిలబెట్టిన కండల హీరో కటౌట్. హార్వర్డ్ పరిశోధకుడు హారిసన్ పోప్ బృందం 1999లో పిల్లలు ఆడుకునే సైనికుడి బొమ్మలను కొలిచింది. మనిషి ఎత్తుకు లెక్కగడితే 1960ల బొమ్మ జబ్బ చుట్టుకొలత 12 అంగుళాలు, 1990ల చివరి బొమ్మది 26 దాటింది! బొమ్మకే అంత జబ్బ ఉంటే అద్దంలో మనవాడు తనకు బక్కగా కనబడడా? ఎంత కండ ఉన్నా చాలదనిపించే ఈ జబ్బుకు మజిల్ డిస్మార్ఫియా అని పేరు కూడా ఉంది.

తెర మీద సిగరెట్ వెలిగిస్తే అడుగున హెచ్చరిక వేస్తారు. హీరో చొక్కా విప్పినప్పుడు ఆ ఒళ్లు ఎలా వచ్చిందో అడుగున ఒక ముక్క వేయమంటే ఎవరికి నొప్పి? అభిమానులూ, కోపం వస్తే కింద కామెంట్ పెట్టండి. మీ హీరో పేరు మాత్రం రాయకండి, నాకు కేసులు వద్దు.