హెచ్‌ఎం కుర్చీల కూసున్న మొదటి 15 రోజులు

(నల్లగొండ స్టూడియో చర్చ నుంచి)

యాంకర్: స్కూల్ అసిస్టెంట్‌గా పాఠాలు చెప్పిన సారు ప్రమోషన్ మీద హైస్కూల్ హెచ్‌ఎం, అంటే హెడ్‌మాస్టర్ అయితరు. నిన్నటి నడవడి అక్కడ ఎందుకు చాలదు మేడం?

విశ్రాంత హెచ్‌ఎం: 40 మంది పిల్లలకు వినబడేటట్టు మాట్లాడుడు ఏండ్ల అలవాటు. అదే గొంతు, అదే "అర్థమైందా?" స్టాఫ్ మీటింగ్‌ల పెడితే ఎదురుంగ ఉన్న సీనియర్లు మనసుల పెట్టుకుంటరు. పైకి ఏమనరు, సలహా చెప్పుడు బందు చేస్తరు. అందుకే విషయం రెండు ముక్కల్ల చెప్పి, అందరిదీ విని, హెచ్‌ఎం ఆఖరుకు మాట్లాడాలె. ముందే తన నిర్ణయం చెప్తే మిగతావాళ్లు తలూపి ఊకుంటరు.

యాంకర్: రాంగనే ఏం చూసుకోవాలె సార్?

శిక్షకుడు: చార్జ్ లిస్టు, అంటే పాత హెచ్‌ఎం అప్పజెప్పేటి లెక్కల, సామాన్ల పట్టీ. క్యాష్‌బుక్ నిల్వ బ్యాంకు పాస్‌బుక్‌తోటి కలుస్తందా, స్టాక్ రిజిస్టర్ల రాసిన సామాన్లు గదుల్ల ఉన్నయా, చూసినంకనే సంతకం. జీతాల బిల్లు తన సంతకంతోనే పోతది. అది ఆలస్యమైతే ఎంత మంచిగ మాట్లాడినా మర్యాద నిలువదు. తర్వాత ఒక్కో టీచర్‌తోటి పావుగంట, విడిగ. ఏది బాగ నడుస్తంది, ఎక్కడ ఇబ్బంది ఉంది, నేను దేని జోలికి పోవద్దు? మూడోది చానామంది అడగరు, నా లెక్కల అదే ముఖ్యం. టైంటేబుల్ 15 రోజులు ముట్టద్దు.

విశ్రాంత హెచ్‌ఎం: అదే బడిల ఇన్‌చార్జి అయినోళ్ల కష్టం వేరు. నిన్నటిదాంక కలిసి టిఫిన్ డబ్బా విప్పిన దోస్తు ఆలస్యంగ వస్తే, వదిలేస్తే స్టాఫంతా చూస్తరు, అందరి ముందట అంటే దోస్తానా పోతది. అదే రోజు, ఒంటరిగ, "ప్రార్థన అయినంక 20 నిమిషాలకు వచ్చిండ్రు" అని జరిగిందే చెప్పాలె. "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట నోట్లకెళ్లి రావద్దు.

యాంకర్: ఊరోళ్లతోటి?

శిక్షకుడు: 2024ల సర్కారు బడుల పనులు చూసుకునేటి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. అధ్యక్షురాలు మహిళా సమాఖ్య నుంచి ఉంటది, హెచ్‌ఎం మెంబర్ కన్వీనర్, అంటే మీటింగ్ పిలిచేటి సభ్యుడు. ఆ మీటింగ్‌ల నడిమి కుర్చీ ఆమెది. హెచ్‌ఎం తనే నడిపేస్తే ఆమె సంతకానికే మిగులుతది. రెండు రోజుల ముందే ఖర్చుల కాగితం ఆమెకు చదివి వినిపిస్తే, మీటింగ్‌ల ఆమెనే అడుగుతది, ఆమెనే జవాబు చెప్తది.

విశ్రాంత హెచ్‌ఎం: పొద్దున గేటు కూడా మరువద్దు. ప్రార్థనకు పావుగంట ముందు అక్కడ నిలబడాలె, చేతిల కర్ర వద్దు, ఫోన్ వద్దు. దేవరకొండ దిక్కు బస్సు రాలేదా, పత్తి ఏరనీకి ఇంట్ల ఆపిండ్రా అన్నది అక్కడ్నే తెలుస్తది. ఆఫీసుల కూసుంటే హాజరు పట్టీల గైర్హాజరు గుర్తొక్కటే కనబడతది.