షో కలెక్షన్స్ అన్నాక ఏమీ రాకపోతే

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత సెషన్ నాకిచ్చారు. అది కూడా నల్ల తెర మీద తెల్ల అక్షరాల గురించి. కునుకు వస్తే మొహమాటపడకండి, వెనక వరుసలు అందుకే ఉన్నాయి.

ఇవాళ నేను మాట్లాడేది రెండు మాటల కమాండ్ గురించి. షో కలెక్షన్స్. మాంగోడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఏయే కలెక్షన్లు (డాక్యుమెంట్లు అనే రికార్డుల గుంపులు) ఉన్నాయో చూపించమని అడగడం, అంతే. మొదటిరోజు ల్యాబ్‌లోనే నేర్పేస్తారు. దీని మీద ఇంతసేపు ఏం చెబుతాడు అని మీకు అనిపిస్తోందని తెలుసు. నాకూ అలాగే ఉండేది, ఒక రాత్రి దాకా.

అప్పట్లో ఒక చిన్న కంపెనీలో పని చేసేవాణ్ణి. రాత్రి ఒంటిగంటకి ఫోన్. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, డేటా మొత్తం పోయిందన్నా" అన్నాడు. గొంతు వణుకుతోంది. సైట్ నెమ్మదిగా ఉందని కస్టమర్లు గోల చేస్తుంటే, ఏమైందో చూద్దామని సర్వర్‌లోకి వెళ్లాడట. నేను లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, సర్వర్‌లోకి వెళ్లి, కమాండ్లు కొట్టే షెల్ తెరిచి, షో కలెక్షన్స్ అని కొట్టాను. ఎంటర్. ఏమీ రాలేదు. ఎర్రర్ కూడా రాలేదు. ఎర్రర్ వస్తే కనీసం తిట్టుకోవడానికి ఒకటి ఉండేది. ఆఖరి బ్యాకప్ ఏ రోజుదో లెక్క వేసుకుంటూ, పొద్దున్నే మేనేజర్‌కి ఏం చెప్పాలో మనసులో వాక్యాలు అల్లుకుంటూ ఒక పది నిమిషాలు కూర్చున్నాను. చేతులు చల్లబడిపోయాయి.

తర్వాత ఎందుకో డీబీ అని రెండక్షరాలు కొట్టాను. టెస్ట్ అని జవాబు వచ్చింది.

అసలు సంగతి ఇదీ. డీబీ అని కొడితే, మనం ఏ డేటాబేస్‌లో ఉన్నామో చెబుతుంది. ఏ డేటాబేస్ కావాలో చెప్పకుండా షెల్ తెరిస్తే మాంగోడీబీ మనల్ని టెస్ట్ అనే డేటాబేస్‌లో కూర్చోబెడుతుంది. అది అసలు పుట్టకపోయినా సరే, అందులోనే. మా డేటా పక్క డేటాబేస్‌లో క్షేమంగా ఉంది. ఆ కుర్రాడు, నేను ఇద్దరం వెళ్లి ఖాళీ గదిలోకి తొంగిచూసి, ఇల్లు దోచేశారని ఏడ్చాం. అప్పటి పాత షెల్లో ప్రాంప్ట్ దగ్గర, అంటే కమాండ్ కొట్టే చోట, ఒక్క బాణం గుర్తు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు మనం వాడే మాంగోష్ అనే కొత్త షెల్లో డేటాబేస్ పేరు ప్రాంప్ట్‌లోనే కనిపిస్తుంది. తెర మీద చూడండి, టెస్ట్ అని ఉంది కదా. మీరు ముందు చూడాల్సింది అదే.

కాబట్టి వరస ఇలా ఉండాలి. ముందు షో డీబీస్. ఏ డేటాబేస్‌లు ఉన్నాయో, ఎంత చోటు తిన్నాయో చెబుతుంది. తర్వాత యూజ్, పక్కన మనం వెళ్లాల్సిన డేటాబేస్ పేరు. ఆ తర్వాతే షో కలెక్షన్స్. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ అలవాటున్నవాళ్లు పొరపాటున షో టేబుల్స్ అని కొట్టినా ఏం కాదు, అదే జాబితా ఇస్తుంది.

యూజ్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. మైఎస్‌క్యూఎల్ కాస్త కటువైన కండక్టర్ లాంటిది. లేని ఊరి పేరు చెబితే "ఆ ఊరికి బస్సు లేదమ్మా, దిగండి" అంటుంది. మాంగో అలా కాదు. పేరులో ఒక అక్షరం తప్పు కొట్టినా "సరే, మారాను" అంటుంది. ఎందుకంటే ఇక్కడ డేటాబేస్‌గానీ కలెక్షన్‌గానీ ముందే తయారుచేసి పెట్టనక్కర్లేదు. మొదటి డాక్యుమెంట్ పడ్డప్పుడు అదే పుడుతుంది. రాయనంతవరకు ఆ పేరు గాల్లోనే ఉంటుంది, జాబితాలో ఉండదు. మీ డేటాబేస్ పేరు చిన్న అక్షరాల్లో ఉండి, మీరు యూజ్ పక్కన మొదటి అక్షరం పెద్దది కొట్టారనుకోండి, అప్పుడూ ఖాళీయే. అయితే అక్కడ రాయబోతే మాత్రం ఒప్పుకోదు, అదే పేరు వేరే అక్షరాల్లో ఇప్పటికే ఉందని ఎర్రర్ ఇస్తుంది. డేటాబేస్ పేర్ల విషయంలో ఆ పట్టింపు ఉంది. కలెక్షన్ పేర్ల విషయంలో లేదు, చిన్న అక్షరాల యూజర్స్, పెద్ద అక్షరంతో మొదలయ్యే యూజర్స్ రెండూ పక్కపక్కనే హాయిగా కాపురం చేస్తాయి. దీనికి మళ్లీ వస్తాను, ఆ రాత్రి కథ ఇంకా అయిపోలేదు.

ప్రాజెక్టుల్లో నోడ్‌తో మంగూస్, అంటే మన జావాస్క్రిప్ట్ కోడ్‌ని మాంగోడీబీతో కలిపే లైబ్రరీ, వాడేవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మీరు మోడల్‌కి స్టూడెంట్ అని పేరు పెడితే, జాబితాలో స్టూడెంట్స్ అని కనిపిస్తుంది. మంగూస్ తనే బహువచనం చేసి, చిన్న అక్షరాల్లోకి మారుస్తుంది. పర్సన్ అని పెడితే పీపుల్ అవుతుంది, దానికి ఇంగ్లీషు గ్రామర్ కూడా వచ్చు. "సార్, నా కలెక్షన్ కనబడట్లేదు" అని అడిగేవాళ్లలో చాలామందికి అది కళ్లెదుటే ఉంటుంది, పేరు మారి.

ఇప్పుడు మనకు కాస్త దగ్గర విషయం. కలెక్షన్‌కి తెలుగులో పేరు పెట్టొచ్చా? పెట్టొచ్చు. నేను పెట్టి చూశాను. విద్యార్థులు అని. జాబితాలో చక్కగా వచ్చింది. డీబీ, చుక్క, విద్యార్థులు, చుక్క, ఫైండ్ అంటే డాక్యుమెంట్లు కూడా ఇచ్చింది. మాంగోష్ జావాస్క్రిప్ట్ మీద నడుస్తుంది, జావాస్క్రిప్ట్‌కి తెలుగు అక్షరాలతో పేచీ లేదు. కానీ రెండు సంగతులు. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ప్రతిదీ 3 బైట్లు. విద్యార్థులు అన్న మాటకి 12 గుర్తులు, అంటే 36 బైట్లు. డేటాబేస్ పేరు, చుక్క, కలెక్షన్ పేరు కలిపి 4.4 వెర్షన్ ముందు 120 బైట్లే ఇచ్చేవారు, ఇప్పుడు 255. చాలు లెండి. రెండోది ప్రమాదం. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఒక కనిపించని గుర్తు పెడతాం కదా, అది పేరు చివర పొరపాటున పడిందంటే, జాబితాలో అచ్చు ఒకేలా ఉన్న రెండు పేర్లు వస్తాయి. కంటికి తేడా తెలీదు. నా సలహా అడిగితే, డాక్యుమెంట్ల లోపల తెలుగు ఎంతైనా రాయండి, కలెక్షన్ పేర్లు మాత్రం ఇంగ్లీషులో ఉంచండి. దీన్ని భాషాద్రోహం అనకండి.

జాబితా ఖాళీగా రావడానికి ఇంకో కారణం, అడిగే మనిషి. 4.0 వెర్షన్ నుంచి, మొత్తం జాబితా చూసే హక్కు లేని యూజర్ షో కలెక్షన్స్ అంటే, తనకి అనుమతి ఉన్న కలెక్షన్లే కనిపిస్తాయి. మీకు ఇరవై, పక్క సీటాయనకి మూడు రావొచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

ఒక పాత కారణం కూడా ఉండేది. తెర వెనక ఇప్పుడు పనిచేసేది లిస్ట్‌కలెక్షన్స్ అనే కమాండ్. 2015లో వచ్చిన 3.0 వెర్షన్‌తో మొదలైంది. అంతకుముందు కలెక్షన్ల పేర్లన్నీ సిస్టమ్ డాట్ నేమ్‌స్పేసెస్ అనే ఒక కలెక్షన్‌లోనే ఉండేవి, షెల్ దాన్ని చదివి మనకి చూపించేది. 3.0లోనే వైర్డ్‌టైగర్ అనే కొత్త స్టోరేజ్ ఇంజన్ (డేటాని డిస్క్ మీద దాచే భాగం) వచ్చింది, దానిలో ఆ చిట్టా లేదు. 3.0కి ముందు షెల్‌తో వైర్డ్‌టైగర్ సర్వర్‌ని అడిగితే ఎర్రర్ లేకుండా ఖాళీ జవాబు. ఇలా ఎంతమంది హడలిపోయారో.

స్క్రిప్టుల మాట త్వరగా చెప్పేస్తాను. షో, యూజ్ లాంటివి షెల్లో మన చేతికి ఇచ్చిన వెసులుబాట్లు, అసలైన జావాస్క్రిప్ట్ కాదు. అందుకే జేఎస్ ఫైల్లో రాస్తే నడవవు. అక్కడ డీబీ డాట్ గెట్‌కలెక్షన్‌నేమ్స్ వాడాలి, చివర ఖాళీ బ్రాకెట్లతో. బ్రాకెట్లు మర్చిపోతే పేర్ల బదులు ఆ ఫంక్షన్ వివరం వస్తుంది. టెర్మినల్ నుంచి ఒకే లైన్లో కావాలంటే మాంగోష్ పక్కన డేటాబేస్ పేరుతో సహా అడ్రస్ ఇచ్చి, క్వయెట్, ఎవాల్ అనే ఆప్షన్లు పెట్టి, కోట్స్‌లో ఇదే ఫంక్షన్ ఇవ్వండి. క్వయెట్ ఉన్నది స్వాగత సందేశాలు మీ ఫైల్లోకి వచ్చి పడకుండా చూడటానికి. పాత మాంగో షెల్‌తో రాసిన స్క్రిప్టులు ఎక్కడైనా ఉంటే మార్చుకోండి. 2021లో 5.0తో దానికి వీడ్కోలు చెబుతున్నామన్నారు, 2022లో 6.0తో తీసేశారు.

పేరులో హైఫన్ ఉన్నా, అంకెతో మొదలైనా చుక్క పెట్టి పిలవడం కుదరదు. డీబీ డాట్ గెట్‌కలెక్షన్ అని, బ్రాకెట్లలో కోట్స్ మధ్య పేరు ఇవ్వాలి. స్టాట్స్ అని పేరు పెట్టినా ఇదే గతి, ఎందుకంటే డీబీకి ఆ పేరుతో సొంత ఫంక్షన్ ఉంది.

సరే, ఆ రాత్రికి వద్దాం. యూజ్ అని సరైన పేరు కొట్టి, మళ్లీ షో కలెక్షన్స్ అన్నాను. జాబితా వచ్చింది. ఆ కుర్రాడు ఫోన్లో ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "ఒక్కసారి పైకి చదువు" అన్నాను. చదివాడు. మాకు ఉండాల్సినవి పదమూడు. వాడు పద్నాలుగు చదివాడు. ఆర్డర్స్ రెండుసార్లు వచ్చింది. ఒకటి చిన్న అక్షరంతో, ఒకటి పెద్ద అక్షరంతో.

మూడు వారాల కింద పెట్టిన కొత్త కోడ్ పెద్ద అక్షరం ఆర్డర్స్‌లోకి రాస్తోంది, అందులోంచే చదువుతోంది. ఇండెక్సులు, అంటే త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచికలు, కలెక్షన్‌కి చెందినవి, పేరుకి కాదు. మేం కష్టపడి పెట్టుకున్నవన్నీ చిన్న అక్షరం దాని మీదే ఉన్నాయి. కొత్తదానికి ఐడీ మీద తనంతట వచ్చే ఇండెక్స్ ఒక్కటే. రోజురోజుకీ ఆర్డర్లు పెరుగుతున్నాయి, కస్టమర్ పేజీ తెరిచిన ప్రతిసారీ కలెక్షన్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా వెతుకుతోంది. సైట్ నెమ్మదించింది అందుకు.

పాత, కొత్త ఆర్డర్లు కలిపి ఒకచోట చేర్చేసరికి తెల్లవారింది. ఆ కోడ్ రాసింది ఎవరని మేనేజర్ అడిగారు. ఆ కుర్రాడు నా వైపు చూశాడు. రాసింది నేనే.